అగ్ని మార్చే అంతర్నిర్మాణం

గ్రామసీమలలో కమ్మరి కొడవలిని పదును పెట్టే తీరును గమనించినవారికి ఒక విషయం తెలుస్తుంది. ఉక్కు ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలిపై సాగగొట్టి, అంచును నీటిలో ముంచగానే అది గట్టిపడుతుంది. అదే ముక్కను మరల కాల్చి, బూడిదలో కప్పి, తనంతట తానే చల్లారనిస్తే మెత్తబడుతుంది. ముక్క ఒక్కటే, దాని బరువు మారలేదు, దానిలోని ధాతువులు మారలేదు. అయినా ఒకసారి పెళుసుగాను, మరొకసారి వంగే గుణంతోను ప్రవర్తిస్తుంది. మారినది కంటికి కనబడని లోపలి అమరిక. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఒకనాడు మూసలలో ఉక్కును కరగించి నిదానంగా చల్లార్చిన కమ్మరులకు ఈ రహస్యం అనుభవంలో తెలుసు. దానికి కారణమేమిటో చెప్పడానికి సూక్ష్మదర్శిని అవసరమైంది. 1860 దశకంలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరానికి చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ ఉక్కు ముక్కను అద్దంలా మెరుగుపెట్టి, ఆమ్లంతో స్వల్పంగా తినిపించి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. ఏకఖండంగా కనబడే లోహం నిజానికి అసంఖ్యాకమైన స్ఫటికాల కూర్పు అని ఆ పరిశీలనలు వెల్లడించాయి.

ఈ చిన్న స్ఫటికాలనే లోహశాస్త్రంలో రేణువులు అంటారు. ఒక్కొక్క రేణువులో పరమాణువులు సైనికుల వరుసల వలె క్రమంగా నిలిచి ఉంటాయి. పక్క రేణువులోనూ అదే క్రమం ఉంటుంది గాని, వరుసల దిశ వేరు. రెండు దిశలు కలిసే చోట ఏ వరుసకూ పూర్తిగా చెందని పరమాణువుల పలుచని పొర ఉంటుంది. అదే రేణు సరిహద్దు. కొత్త జింకు రేకుపై పువ్వుల వలె మెరిసే మచ్చలు ఇటువంటి రేణువులే; అక్కడ అవి కంటికి కనబడేటంత పెద్దవి.

రేణువు పరిమాణాన్ని నిర్ణయించేది ప్రధానంగా వేడి, చల్లారే వేగం. కాచిన నెయ్యిని నెమ్మదిగా చల్లారనిస్తే పూసకడుతుంది. గబగబా చల్లబరిస్తే ముద్దగా గడ్డకడుతుంది. చక్కెర పాకం రోజుల తరబడి కదలక ఉంటే పటికబెల్లం పలుకులు కట్టుకుంటాయి. పరమాణువులకు, అణువులకు కదిలే శక్తి, కదలడానికి వ్యవధి రెండూ లభించినప్పుడు పెద్ద స్ఫటికాలు ఏర్పడతాయి. లోహాలలో ఈ సూత్రాన్ని ఉద్దేశపూర్వకంగా ప్రయోగించడమే ఉష్ణోపచారం. నిర్ణీత ఉష్ణోగ్రతకు వేడిచేయడం, నిర్ణీత కాలం అక్కడ నిలపడం, నిర్ణీత వేగంతో చల్లార్చడం అందులోని మూడు అంగాలు. ఇది ఎంత సున్నితమైన విద్యో తెలుసుకోవడానికి విమాన ఇంజనులలో స్థానం సంపాదించిన టైటానియం అల్యూమినైడ్ అనే పదార్థాన్ని మించిన ఉదాహరణ అరుదు.

టైటానియాన్ని 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ గుర్తించాడు. 1795లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణాలలోని టైటానుల పేరు పెట్టాడు. ఈ టైటానియం పరమాణువులు, అల్యూమినియం పరమాణువులు దాదాపు సమాన సంఖ్యలో కలిసినప్పుడు ఏర్పడే సమ్మేళనానికి గామా టైటానియం అల్యూమినైడ్ అని పేరు. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4 గ్రాములు. ఇంజనులలో చిరకాలంగా వాడుతున్న నికెల్ మిశ్రలోహాల సాంద్రత 8 గ్రాములకు పైనే. అంటే బరువు సగం. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వరకు దీని బలం పెద్దగా తగ్గదు. టర్బైనులో గిర్రున తిరిగే రెక్కకు ఈ బరువు తగ్గుదల ఎంతో విలువైనది. రెక్క తేలికైతే అది తన కేంద్రచక్రాన్ని బయటికి లాగే బలం తగ్గుతుంది. అప్పుడు చక్రాన్ని, దానిని మోసే భాగాలను కూడా తేలికగా చేయవచ్చు. ఒక చోట తగ్గిన బరువు మరికొన్ని చోట్ల బరువు తగ్గడానికి దారి తీస్తుంది.

ఇన్ని గుణాలున్న పదార్థం దశాబ్దాల తరబడి ప్రయోగశాలలు దాటి రాలేకపోవడానికి కారణం దాని పెళుసుదనం. సాధారణ మిశ్రలోహంలో రెండు ధాతువుల పరమాణువులు ఇష్టం వచ్చినట్లు కలిసి ఉంటాయి. గామా అల్యూమినైడులో అలా కాదు. ఒక పొర పూర్తిగా టైటానియం, దానిపై పొర పూర్తిగా అల్యూమినియం, మళ్ళీ టైటానియం. ఇలా కట్టుదిట్టమైన క్రమం ఉంటుంది. ఈ క్రమమే వేడిలో దానికి బలాన్ని ఇస్తుంది. ఈ క్రమమే పొరలు ఒకదానిపై ఒకటి సులభంగా జరగకుండా అడ్డుపడి, గది ఉష్ణోగ్రత వద్ద దానిని పెళుసుగా మారుస్తుంది. లాగినప్పుడు ఒకటి రెండు శాతం సాగేసరికి తెగిపోతుంది. గాజుగిన్నె పగిలితే నష్టం కొద్ది రూపాయలు. నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్క విరిగితే దాని వెనుక ఉన్నది వందలమంది ప్రయాణికుల ప్రాణం. కాబట్టి ఈ పెళుసుదనానికి విరుగుడు వెదకడం లోహశాస్త్రజ్ఞులకు తప్పనిసరి అయింది.

విరుగుడు రేణువును చిన్నది చేయడంలో ఉందని చాలామంది భావించారు. ఆ భావనకు ఆధారం ఉంది. 1951లో హాల్, 1953లో పెచ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విడివిడిగా చేసిన పరిశోధనల వల్ల, రేణువు చిన్నదయ్యేకొద్దీ లోహం బలపడుతుందని తేలింది. లోహం వంగేటప్పుడు లోపలి పరమాణు వరుసలలోని లోపాలు కదులుతాయి. రేణు సరిహద్దు ఆ కదలికకు గోడలా అడ్డుపడుతుంది. గోడలు ఎక్కువైతే అడ్డంకులు ఎక్కువ. సరిహద్దుల వల్ల లభించే బలం రేణు వ్యాసపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. రేణువు వ్యాసం నూరో వంతుకు తగ్గితే ఆ బలం పదిరెట్లు అవుతుందన్నమాట.

1980 దశకంలో జర్మనీకి చెందిన హెర్బర్ట్ గ్లైటర్ ఈ ఆలోచనను దాని అంచుల వరకు తీసుకొనిపోయాడు. నూరు నానోమీటర్ల కంటె చిన్న రేణువులతో లోహాలను తయారుచేయవచ్చునని ఆయన చూపాడు. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. తల వెంట్రుక మందం అటువంటి నానోమీటర్లు సుమారు ఎనభై వేలు ఉంటుంది. సరిహద్దు మందం ఒక నానోమీటరు అనుకొని లెక్క వేస్తే, నూరు నానోమీటర్ల రేణువులున్న లోహంలో సుమారు 3 శాతం భాగం సరిహద్దులలో ఉంటుంది. రేణువు పది నానోమీటర్లయితే అది 30 శాతానికి చేరుతుంది. దాదాపు మూడో వంతు పరమాణువులు ఏ వరుసకూ చెందనివైన ఆ పదార్థాన్ని మామూలు లోహంతో సమానంగా చూడలేము. పెళుసైన అల్యూమినైడు కూడా ఈ స్థితిలో మెత్తబడవచ్చునేమో, సాగవచ్చునేమో అన్న ఆశ అప్పుడు కలిగింది.

అటువంటి రేణువులను తయారుచేసే మార్గాలలో ప్రసిద్ధమైనది యాంత్రిక మిశ్రలోహీకరణం. గట్టి ఉక్కు గుండ్లున్న పాత్రలో టైటానియం, అల్యూమినియం పొడులను పోసి, గాలి సోకకుండా మూసి, గంటల తరబడి వేగంగా తిప్పుతారు. రెండు గుండ్ల మధ్య చిక్కిన పొడి నలిగి, పలుచబడి, విరిగి, మరల అతుక్కుంటుంది. మడత కాజా కోసం పిండిని వత్తి, మడిచి, మరల వత్తినప్పుడు పొరలు ఎట్లా పలుచబడతాయో ఇక్కడా అట్లాగే జరుగుతుంది. చివరకు రెండు లోహాలు పరమాణు స్థాయిలో కలిసిపోతాయి. రేణువులు పది ఇరవై నానోమీటర్లకు దిగుతాయి. కొన్ని మిశ్రమాలలో స్ఫటిక క్రమమే పూర్తిగా నశించి, గాజు వంటి అస్ఫటిక స్థితి కూడా ఏర్పడుతుంది. ఈ విద్యకు సంబంధించిన పరిశోధనలలో చల్లపల్లి సూర్యనారాయణ పేరు ప్రముఖంగా వినబడుతుంది. ఆయన 2001లో ప్రచురించిన సుదీర్ఘ సమీక్షా వ్యాసం ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులకు నేటికీ ప్రవేశద్వారం వంటిది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మిల్లు నుండి వెలువడినది పొడి మాత్రమే. దానితో రెక్క చేయాలంటే పొడిని ఘనంగా అతికించాలి. అంతేకాక, గుండ్ల దెబ్బలకు టైటానియం, అల్యూమినియం పొరల క్రమం చెదిరిపోయి ఉంటుంది. దానిని మరల నిలబెట్టాలి. ఈ రెండు పనులకూ వేడి కావాలి. ఆ వేడే ఎంతో శ్రమించి సాధించిన సూక్ష్మ రేణువులను పెంచివేస్తుంది. వేడి లేనిదే పదార్థం లేదు. వేడి తగిలితే సూక్ష్మత నిలవదు. నానో స్ఫటిక అల్యూమినైడుల కథ అంతా ఈ రెంటి మధ్య జరిగే పెనుగులాట.

పొడిని క్రమంగా వేడిచేస్తూ ఎక్స్ కిరణాలతో పరీక్షిస్తే ఈ మార్పులు దశలవారీగా కనబడతాయి. రేణువులు అతి చిన్నవైనప్పుడు ఎక్స్ కిరణాల రేఖలు వెడల్పుగా, మసకగా ఉంటాయి. రేణువులు పెరిగేకొద్దీ సన్నబడి స్పష్టమవుతాయి. రేఖ వెడల్పు నుండి రేణువు పరిమాణాన్ని లెక్కగట్టే సూత్రాన్ని 1918లో పాల్ షెరర్ అందించాడు. సుమారు 500, 600 డిగ్రీల ప్రాంతంలో చెదిరిన పరమాణువులు తమ స్థానాలను వెదకుకొని అల్యూమినైడు క్రమాన్ని పొందుతాయి. ఈ దశలో రేణువులు ఇంకా చిన్నవిగానే ఉంటాయి. 700 నుండి 850 డిగ్రీల మధ్య, అన్ని దిక్కుల నుండి అధిక వాయుపీడనంతో నొక్కుతూ వేడిచేస్తే, పొడి రంధ్రాలు లేని ఘనమవుతుంది. రేణువులు అనేక పదుల నానోమీటర్లకు పెరిగినా, జాగ్రత్త వహిస్తే నూరు ప్రాంతంలో నిలుస్తాయి. వెయ్యి డిగ్రీలు దాటిన తరువాత మాత్రం పెరుగుదల త్వరితమై, అవి నానో అనే మాటకు దూరమవుతాయి.

రేణువులు పెరగడం అంటే కొత్త పదార్థం వచ్చి చేరడం కాదు. సబ్బు నురగను కాసేపు గమనిస్తే చిన్న బుడగలు కుంచించుకొని మాయమవుతూ, పెద్దవి మరింత పెద్దవి కావడం కనబడుతుంది. రేణువులలోనూ ఇదే న్యాయం. సరిహద్దులోని పరమాణువులకు శక్తి ఎక్కువ. సరిహద్దుల మొత్తం వైశాల్యం తగ్గితే పదార్థపు శక్తి తగ్గుతుంది. కాబట్టి చిన్న రేణువు పెద్ద రేణువులో లీనం కావడం ప్రకృతి సహజమైన ప్రవాహం. నానో స్థితిలో సరిహద్దులు అపారం గనుక ఆ ప్రవాహ వేగమూ ఎక్కువ.

ఈ పెరుగుదలలో కాలం కంటె ఉష్ణోగ్రత పాత్రే పెద్దది. ఆదర్శ పరిస్థితులలో రేణు వ్యాసపు వర్గం కాలంతోపాటు సమంగా పెరుగుతుంది. అంటే వ్యాసం రెట్టింపు కావడానికి కాలం ఇంచుమించు నాలుగు రెట్లు కావాలి. ఉష్ణోగ్రత విషయం అట్లా కాదు. పరమాణువు ఒక స్థానం నుండి మరొక స్థానానికి దుమికే అవకాశం ఉష్ణోగ్రతతో ఘాతీయంగా పెరుగుతుంది. అందుచేత కొలిమిలో పది నిమిషాలు అదనంగా ఉంచడం కంటె, కొలిమిని కొన్ని పదుల డిగ్రీలు అదనంగా వేడిచేయడం ఎక్కువ నష్టం కలిగిస్తుంది.

ఈ ప్రవాహానికి అడ్డుకట్ట లేకపోలేదు. మిశ్రమంలో కొద్దిగా సిలికాన్ కలిపితే, వేడిచేసినప్పుడు సన్నని సిలిసైడు కణాలు ఏర్పడి సరిహద్దులపై కూర్చుంటాయి. కదలబోయే సరిహద్దు ఈ కణాల వద్ద చిక్కుకొని ఆగుతుంది. పరచిన దుప్పటి అంచులను రాళ్ళతో అదిమినట్లు. మిల్లులో పొడికి తెలియకుండా అంటుకున్న ఆక్సిజన్, నత్రజని కూడా కొన్నిసార్లు ఇటువంటి కణాలుగా మారి రేణువులను ఆపుతాయి. అయితే అవే మలినాలు పదార్థాన్ని మరింత పెళుసుగా చేస్తాయి గనుక ఆ సహాయాన్ని ఎవరూ కోరుకోరు. సాగుతుందని ఆశించిన నానో అల్యూమినైడు గది ఉష్ణోగ్రత వద్ద ఆ ఆశను నెరవేర్చకపోవడానికి ఈ మలినాలు ఒక ముఖ్య కారణం. దాని కాఠిన్యం మాత్రం నిస్సందేహంగా పెరిగింది.

ఉష్ణోగ్రతను ఇంకా పెంచితే మరొక ప్రపంచం తెరుచుకుంటుంది. సుమారు 1120 డిగ్రీలకు పైన గామాతోపాటు ఆల్ఫా అనే వేరొక ప్రావస్థ స్థిరపడుతుంది. రెండూ కలిసి ఉన్నంత వరకు ఒకదాని రేణువులు మరొకదానిని పెరగనీయవు. ప్రతి వంద పరమాణువులలో 48 అల్యూమినియం ఉన్న మిశ్రమాన్ని సుమారు 1370 డిగ్రీలు దాటిస్తే ఆల్ఫా ఒక్కటే మిగులుతుంది. కాపలా తొలగిపోవడంతో రేణువులు నిమిషాలలో వందల మైక్రానులకు ఉబ్బుతాయి. అక్కడి నుండి నిదానంగా చల్లారిస్తే, ఒక్కొక్క పెద్ద రేణువు లోపల గామా పలకలు ఒకదాని పక్కన ఒకటి పుస్తకంలోని పుటల వలె పుడతాయి. దీనినే పొరల నిర్మాణం అంటారు. నెమ్మదిగా చల్లారితే పుటలు మందంగా, త్వరగా చల్లారితే పలుచగా వస్తాయి. నీటిలో ముంచినంత వేగంగా చల్లార్చితే పుటలు ఏర్పడే వ్యవధి లేక, ఆల్ఫా మొత్తం ఒక్కసారిగా క్రమరహితమైన ఆకారాలున్న గామాగా మారిపోతుంది. ఆల్ఫా, గామా రెండూ ఉండే ప్రాంతంలోనే ఉష్ణోపచారం జరిపితే, సన్నని గామా రేణువుల మధ్య అక్కడక్కడ పొరల గుంపులున్న ద్వంద్వ నిర్మాణం లభిస్తుంది.

ఒకే మిశ్రమం నుండి ఇన్ని నిర్మాణాలు లభించినప్పుడు వీటిలో ఏది మేలైనది అన్న ప్రశ్న తప్పదు. సన్నని రేణువే ఎల్లవేళలా మేలన్న అభిప్రాయం ఇక్కడ నిలవదు. గది ఉష్ణోగ్రతలో గోడలా అడ్డునిలిచిన సరిహద్దు, ఇంజను వేడిలో రహదారిగా మారుతుంది. పరమాణువులు దాని వెంట సులభంగా ప్రవహిస్తాయి. రేణువులు ఒకదానిపై ఒకటి జారుతాయి. నిలకడైన భారం కింద వేడి లోహం మెల్లమెల్లగా సాగిపోయే ఈ లక్షణానికి క్రీప్ అని పేరు. సరిహద్దుల వెంట జరిగే ప్రవాహం వల్ల కలిగే క్రీప్ వేగం రేణు వ్యాసపు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుందని 1963లో రాబర్ట్ కోబుల్ నిరూపించాడు. రేణువు పదో వంతుకు తగ్గితే ఆ సాగుదల వెయ్యిరెట్లు వేగవంతమవుతుంది. ఇంజనులో రెక్క కొద్దిగా సాగినా దాని కొన చుట్టూ ఉన్న కవచాన్ని రాసుకుంటుంది. కనుక గదిలో కఠినంగా ఉన్న నానో రేణువుల అల్యూమినైడు, 700, 800 డిగ్రీల వద్ద భారం మోయడానికి పనికిరాదు. అక్కడ పొరల నిర్మాణమే శ్రేష్ఠం. అది క్రీపును నిరోధిస్తుంది. పుట్టిన పగులు పుటలను దాటలేక వంకరలు తిరిగి అలసిపోతుంది. గది ఉష్ణోగ్రతలో కొంచెమైనా సాగే గుణం కావాలంటే ద్వంద్వ నిర్మాణం నయం.

సూక్ష్మ రేణువుల వల్ల ప్రయోజనమే లేదనడం కూడా తొందరపాటే అవుతుంది. వేడిలో మెత్తబడటం రెక్కకు దోషం. రెక్కను మలిచేవానికి అదే వరం. మొండికేసే అల్యూమినైడు సన్నని రేణువులున్నప్పుడు తక్కువ బలానికే లొంగి, కోరిన రూపం దాల్చుతుంది. రూపం వచ్చిన తరువాత అధిక ఉష్ణోగ్రతలో ఉపచారం చేసి, రేణువులను పెంచి, పొరల నిర్మాణాన్ని కల్పించవచ్చు. మొదట చిన్నవిగా ఉండి, పని ముగిశాక పెద్దవి కావడం ఆ రేణువులకు తగిన మార్గమని పరిశోధకులు సూచించారు. దీనికి ఖర్చు ఎక్కువ, పొడిని పరిశుభ్రంగా ఉంచడం కష్టం.

విమానాలలో నిజంగా ఎగురుతున్నవి నానో రేణువుల రెక్కలు కావు. 48 వంతుల అల్యూమినియంతోపాటు రెండేసి వంతుల క్రోమియం, నియోబియం కలిసిన మిశ్రమంతో పోతపోసిన రెక్కలను జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తన జిఇఎన్ఎక్స్ ఇంజను అల్పపీడన టర్బైనులోని చివరి రెండు వరుసలలో అమర్చింది. ఆ ఇంజను 2011లో సేవలోకి వచ్చింది. పోత పూర్తయిన తరువాత లోపలి రంధ్రాలను పీడనంతో మూసి, సుమారు 1200 డిగ్రీల వద్ద ఉష్ణోపచారం జరుపుతారు. ఆల్ఫా ఒక్కటే మిగిలే ఉష్ణోగ్రతకు చేరకుండా ఆగడమే అందులోని మెలకువ.

ఈ చరిత్రలో హైదరాబాదుకూ స్థానం ఉంది. 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనశాల, 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమ్ ఈ నగరంలోనే ఉన్నాయి. ఆ పరిశోధనశాల రూపొందించిన పద్ధతితో కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పాంజి కర్మాగారం ప్రారంభమైంది. అంతకు ముందే, 1988లో, దీపాంకర్ బెనర్జీ, ఆయన సహచరులు ఈ పరిశోధనశాలలో నియోబియం కలిసిన టైటానియం అల్యూమినైడును పరిశీలిస్తూ, అంతవరకు ఎవరూ గుర్తించని ఒక క్రమబద్ధ ప్రావస్థను కనుగొన్నారు. దాని స్ఫటిక ఆకృతిని బట్టి దానికి ‘ఓ’ ప్రావస్థ అని పేరు వచ్చింది. గామా అల్యూమినైడు కంటె బరువైనదే అయినా, పగులును నిరోధించడంలో అది మెరుగైనది. దాని ఆధారంగా రూపొందిన మిశ్రలోహాలలోనూ ఏ ఉష్ణోగ్రత నుండి చల్లార్చారు, ఎంత వేగంతో చల్లార్చారు అన్న దానిని బట్టే లోపలి పలకల మందం, ఆ మందాన్ని బట్టి బలం మారుతూ ఉంటాయి.